ఆటలతో ఆత్మవికాసం అనే పుస్తకాలు, శిబిరాలు: మీకు నిజంగా పనికొచ్చింది ఏమిటి?

మూడోగేమ్
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా షటిల్ ఆడుతున్నాను. క్లబ్ స్థాయి ఆటే గానీ వారానికి నాలుగు రోజులు కోర్టులో ఉంటాను. వయసు 41. నా బాధ ఒక్కటే. 21 పాయింట్ల గేమ్‌లో స్కోరు 17, 18 దాకా చెయ్యి బాగానే ఆడుతుంది. 19 దాటిందంటే ఆ చెయ్యి నాది కాదన్నట్టు బిగుసుకుపోతుంది. నిద్రలో లేపి వెయ్యమన్నా వేసే షార్ట్ సర్వ్, నెట్‌కి కొట్టుకుని నా వైపే పడిపోతుంది.

నాతో డబుల్స్ ఆడే మిత్రుడు ఈమధ్య ఐదు రోజుల శిబిరానికి వెళ్లొచ్చాడు. తెల్లవారుజామున పరుగు, మధ్యాహ్నం ధ్యానం, సాయంత్రం ఉపన్యాసం, ఆఖరి రాత్రి నిప్పుల మీద నడక. మనిషి మారి వచ్చాడు, అది మాత్రం నిజం. పాయింట్ పోతే రాకెట్ విసిరేసేవాడు, ఇప్పుడు నవ్వి పక్కకి తప్పుకుంటున్నాడు. వచ్చే నెల నన్నూ రమ్మని పట్టుబడుతున్నాడు. ఈలోగా చదవమని ఒక జిమ్నాస్ట్ రాసిన పుస్తకం కూడా ఇచ్చాడు. రెండు రాత్రుల్లో చదివేశాను. చదువుతున్నంతసేపూ గుండె నిండినట్టు ఉంది. మర్నాడు కోర్టుకి వెళ్తే 19 దగ్గర మళ్లీ అదే కథ.

ఇలాంటి పుస్తకాలు చదివినవాళ్లు, శిబిరాలకి వెళ్లినవాళ్లు మీ అనుభవం చెప్పండి. నిర్వాహకుల పేర్లు నేను రాయను, మీరూ రాయకండి. పని జరిగిందా లేదా అన్నదే నాకు కావాలి.

పుస్తకాలపురుగు
మూడోగేమ్ గారూ, మీరు చదివింది డాన్ మిల్‌మన్ పుస్తకమే అయ్యుంటుంది. ఈ తరహా రచనల్ని పాతికేళ్లుగా చదువుతున్నాను, వీటంటే నాకు ప్రేమ కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఈ దారికి మొదటి మైలురాయి జర్మన్ తత్వశాస్త్ర అధ్యాపకుడు ఒయ్‌గెన్ హెరిగెల్. 1920లలో జపాన్‌లో పాఠాలు చెబుతూ అవా కెంజో అనే గురువు దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు. ఆ అనుభవం మీద అతని పుస్తకం 1948లో వచ్చింది. బాణం వేసేది నువ్వు కాదు, ‘అది’ వేస్తుంది అని గురువు అన్నట్టు అందులో ఉంటుంది. ఆ ఒక్క మాట మీద తర్వాతి తరాల వాళ్లు ఎన్ని ఉపన్యాసాలు కట్టారో లెక్కలేదు. కానీ యమదా షోజి అనే జపాన్ పరిశోధకుడు పాత ఆధారాలన్నీ తిరగేసి ఇంకో మాట చెప్పాడు. హెరిగెల్‌కి జపనీస్ సరిగా రాదు, అనువాదకుడి మీద ఆధారపడ్డాడు. బాణం బాగా పడినప్పుడు గురువు “అదీ, అలాగ!” అని మెచ్చుకున్నదే అతని చెవిలో “అది వేసింది” అయ్యుండొచ్చట. ఇది చదివాక నాకు హెరిగెల్ మీద గౌరవం తగ్గలేదు. అతను ఏళ్ల తరబడి విల్లు పట్టి నిలబడ్డాడు. అయితే గురువు మాట ఒక నోటి నుంచి ఇంకో చెవికి వచ్చేసరికి ఎంత మారిపోగలదో తెలిసింది.

1962లో మైకేల్ మర్ఫీ, డిక్ ప్రైస్ కలిసి కాలిఫోర్నియా సముద్రతీరంలో ఎసలెన్ అనే సంస్థ పెట్టారు. ఆటల్ని అంతర్యాత్రతో కలిపే ఆలోచనలు ఎన్నో అక్కడ ఊపందుకున్నాయి. మర్ఫీ 1972లో గోల్ఫ్ మీద ఒక నవల రాశాడు. 1974లో టిమొతీ గాల్వే టెన్నిస్ పుస్తకం వచ్చింది. 1978లో జార్జ్ షీహన్ అనే గుండె డాక్టరు పరుగు గురించి తాత్వికంగా రాశాడు. 1980లో మిల్‌మన్ వచ్చాడు. ఎనిమిదేళ్లలో ఒకదాని వెనక ఒకటి.

వీటిలో మీ సమస్యని నేరుగా ముట్టుకునేది గాల్వే. హార్వర్డ్‌లో టెన్నిస్ జట్టుకి కెప్టెన్‌గా ఉన్నవాడు, తర్వాత కోచ్. ఆడేటప్పుడు మనలో ఇద్దరుంటారంటాడు. ఆజ్ఞలిచ్చేవాడు ఒకడు, చేసేవాడు ఇంకొకడు. “మోచెయ్యి దించు, పాదం జరుపు, ఈసారి తప్పావో చూడు” అంటూ మొదటివాడు వాగుతూనే ఉంటాడు. రెండోవాడికి పని వచ్చు, కానీ వీడి గోలకి బిగుసుకుపోతాడు. మొదటివాణ్ణి నోరు మూసుకోమంటే మూసుకోడు కాబట్టి వాడికి ఒక చిన్న పని అప్పజెప్పమంటాడు. బంతి మీది కుట్టు గీతల్ని చూడు. బంతి నేలకి తగిలినప్పుడు ఒక మాట, రాకెట్‌కి తగిలినప్పుడు ఒక మాట పైకి అను. అంతే. ఇందులో ఆధ్యాత్మికం ఎక్కడుందని అడిగేవాళ్లుంటారు. అర్జునుడికి పక్షి కన్ను తప్ప ఇంకేం కనబడలేదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నాకైతే రెండూ ఒకటే.

బీమ్‌మీద
నేను పదహారేళ్లు జిమ్నాస్టిక్స్ చేసి, ఇప్పుడు పిల్లలకి నేర్పిస్తున్నాను. మిల్‌మన్ గురించి చెప్పే హక్కు నాకు కొంచెం ఉంది. పదిహేడేళ్ల వయసులో నన్ను మళ్లీ జిమ్‌లోకి తెచ్చింది ఆ పుస్తకమే.

ముందు వాస్తవాలు. అతను 1964లో లండన్‌లో జరిగిన ట్రాంపొలీన్ ప్రపంచ పోటీలో గెలిచాడు. 1966లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో తొడ ఎముక నుజ్జయింది. కోలుకుని, 1968లో అమెరికా కాలేజీల పోటీలో గెలిచిన బర్క్‌లీ జట్టులో ఆడాడు. ఇవన్నీ జరిగినవే. ఆ పుస్తకంలో అతనికి పెట్రోలు బంకులో కనబడే ముసలి గురువు సంగతి వేరు. పుస్తకంలో నిజం, కల్పన కలిసే ఉన్నాయని రచయితే ఒప్పుకున్నాడు. శిబిరాల్లో మాత్రం దాన్ని మొదటి నుంచి చివరిదాకా జరిగిన కథలాగే చెబుతారు. అక్కడే పిల్లలు మోసపోతారు.

నా కథ. బీమ్ అంటే మేం విన్యాసాలు చేసే సన్నటి దూలం. వెడల్పు 10 సెంటీమీటర్లు. నేల నుంచి ఎత్తు 125. దాని మీద వెనక్కి గెంతి చేతుల మీద పడి లేచే విన్యాసం చేస్తూ ఒకసారి చెయ్యి జారింది. తల బీమ్ అంచుకి తగిలింది. దెబ్బ పెద్దది కాదు, నాలుగు కుట్లు పడ్డాయి. కానీ ఆ తర్వాత బీమ్ ఎక్కి వెనక్కి తిరగ్గానే మోకాళ్లు వణికేవి. నెల రోజులు జిమ్‌కి వెళ్లడమే మానేశాను. అప్పుడు ఆ పుస్తకం చదివాను. తొడ విరిగినవాడే తిరిగొచ్చాడు, నాలుగు కుట్లకి నేనెందుకు ఆగిపోవాలి అనిపించింది. మర్నాడే వెళ్లాను.

అయితే బీమ్ మీదికి నన్ను తిరిగి ఎక్కించింది పుస్తకం కాదు. మా కోచ్ మాట్ మీద సుద్దముక్కతో ఒక గీత గీసింది. రెండు వారాలు ఆ గీత మీదే చేయించింది. తర్వాత నేలకి ఆనించిన బీమ్. తర్వాత మోకాలి ఎత్తు బీమ్, రెండు పక్కలా దూది పరుపులు. ఆ పరుపుల్ని రోజుకొకటి చొప్పున తనే లాగేసేది, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టొద్దనేది. తొమ్మిది వారాలు పట్టింది. ఈ తొమ్మిది వారాలు ఏ పుస్తకంలోనూ ఉండవు. మూడు పేజీల్లో మనిషి లేచి నిలబడతాడు.

ఇంకో మాట. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాల్లో తన శరీరం ఎటు తిరుగుతోందో తెలియక పోటీల్లోంచి తప్పుకుంది. అది భయం అనుకున్నారు చాలామంది. గాల్లో దిక్కు తెలియకపోతే మెడ విరుగుతుంది. ఆగడం తెలిసినవాళ్లే తిరిగి రాగలరని నా పిల్లలకి ఆమె గురించే చెబుతాను. తర్వాత బీమ్ ఫైనల్‌కి తిరిగొచ్చి కాంస్యం గెలిచింది కూడా.

నలభైరెండు
బీమ్‌మీద గారి ఆఖరి పేరా చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

అయిదు నెలల కిందట ఇలాంటి శిబిరానికే వెళ్లాను. అప్పటికి కుడి కాలి ముంగాలి ఎముక దగ్గర, లోపలి వైపు, ఒక చిన్న చోట నొప్పి. చూపుడు వేలి కొసతో సరిగ్గా అక్కడే నొక్కితే ప్రాణం లేచొచ్చేది. పక్కన ఒక అంగుళం జరిపితే ఏమీ లేదు. మారథాన్ సాధనలో ఇవన్నీ మామూలేలే అనుకున్నాను.

మొదటి రోజు సాయంత్రం చెప్పిన పాఠం, నొప్పి అనేది మనసు అల్లుకున్న కథ అని. ఆ హాల్లో రెండు వందల మంది దాన్ని పైకి పలికాం. ఒప్పుకుంటాను, ఒళ్లు గగుర్పొడిచింది. మూడో రోజు తెల్లవారుజామున 20 కిలోమీటర్ల పరుగు. 11 దగ్గర నొప్పి మొదలైంది. 14 దగ్గర కుంటుతున్నాను. పక్కనే పరిగెత్తుతున్న వాలంటీరు “కథని వదిలేయండి, వదిలేయండి” అని వీపు తట్టాడు. అతని తప్పు లేదు, అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. 20 పూర్తి చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి దుప్పటి బరువు కాలి మీద పడినా ఓర్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చాక ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎమ్మారై తీస్తే ముంగాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఒత్తిడికి వచ్చిన సన్నటి పగులు. నెలల తరబడి పరుగు బంద్, మొదట్లో చంకకర్రలు. ఏడాది పొడుగునా ఎదురుచూసిన రేసు పోయింది.

అన్నిటికంటే బాధ పెట్టిన విషయం చెప్తాను. రెండో రోజు అక్కడ ఒక డాక్టరు పాల్గొనేవారిలోనే ఉన్నారు. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చున్నారు. కాలి సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. నేను ఇంకా “కథ”లోనే ఉన్నానని అనుకుంటారేమోనని సిగ్గుపడి ఊరుకున్నాను.

ఫిజియోడైరీ
నలభైరెండు గారూ, ఇలా సిగ్గుపడి ఊరుకున్నవాళ్లని నా గదిలో ఎంతమందిని చూశానో. మీరు రాయడం మంచిదైంది.

సాధన చేసేవాళ్లందరికీ ఒక మాట. కండరాల అలసట సాధారణంగా రెండు కాళ్లలోనూ ఉంటుంది, పరుచుకుని ఉంటుంది, వార్మప్ అయ్యాక తగ్గుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎముక నొప్పి తీరు వేరు. వేలితో చూపించగలిగేంత చిన్న చోట ఉంటుంది. పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది. ముదిరితే రాత్రి పడుకున్నప్పుడూ వదలదు. ఒంటికాలి మీద గెంతితే సరిగ్గా అక్కడే పొడుస్తుంది. తొలి వారాల్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు. ఈ లక్షణాలు ఉంటే పరుగు ఆపి చూపించుకోవాల్సిందే. మనోబలంతో ఎముక అతకదు.

మూడోగేమ్ గారి శిబిరంలో నిప్పుల నడక ఉందన్నారు కదా, దాని సంగతి. కణికలు ఎంత ఎర్రగా ఉన్నా, బొగ్గు వేడిని చాలా నెమ్మదిగా అందిస్తుంది. పైన బూడిద పొర ఇంకా అడ్డుపడుతుంది. పాదం ఒక్కో అడుగుకీ సెకను కూడా ఆనదు. అందుకే చాలామంది కాలకుండా దాటతారు. భయాన్ని దాటిన అనుభూతి నిజమే, దాన్ని నేను కాదనను. కానీ దాటించింది నమ్మకం అని చెప్పినప్పుడే చిక్కు. కాలినవాడికి నమ్మకం చాలలేదన్న నింద మిగులుతుంది. మధ్యలో ఆగినవాళ్లకి కాలుతుంది, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

2009 అక్టోబరులో అమెరికాలో సెడోనా దగ్గర ‘ఆధ్యాత్మిక యోధుడు’ అనే పేరుతో ఒక శిబిరం జరిగింది. కాల్చిన రాళ్లతో వేడెక్కించిన గుడారంలో జనాన్ని కూర్చోబెట్టారు. ముగ్గురు చనిపోయారు. నిర్వాహకుడికి 2011లో కోర్టు శిక్ష వేసింది. ఆ ముగ్గురూ బలహీనులు కారు. పట్టుదల ఉన్నవాళ్లు. లేచి బయటికి వెళ్తే ఓడిపోయినట్టే అన్న వాతావరణంలో పట్టుదలే ప్రమాదం అవుతుంది. అందుకే ఏ శిబిరం గురించి అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: మధ్యలో లేచి వెళ్లినవాళ్ల గురించి అక్కడ ఏమని మాట్లాడతారు?

నిశ్శబ్దం
నేను ఇంకో వైపు నుంచి చెబుతాను. పదేళ్లలో ఇలాంటివి మూడు చూశాను. రెండిటి నుంచి చాలా పొందాను.

మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మ పోయి నాలుగు నెలలు. అప్పటికి పరుగు నాకు ఒక లెక్క మాత్రమే. చేతికి వాచీ, కిలోమీటరుకి ఇన్ని నిమిషాలు, నిన్నటి కంటే ఇన్ని సెకన్లు తక్కువ. శిబిరంలో మొదటి ఉదయం అందరి వాచీలూ తీసి ఒక బుట్టలో పెట్టమన్నారు. ఎంతసేపని చెప్పకుండా, మాట్లాడకుండా, పక్కవాళ్ల అడుగుల చప్పుడు వింటూ పరిగెత్తమన్నారు. ఒక పావుగంట గడిచాక ఏడుపొచ్చింది. అమ్మ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. పక్కన పరిగెడుతున్న పెద్దావిడ ఏమీ అడగలేదు, అడుగు మాత్రం నెమ్మది చేసి నాతో కలిపింది. నాకు కావలసింది అదే. దాన్ని ఏ కోచ్ దగ్గరా అడగలేను.

ధ్యాన గురువు శ్రీ చిన్మయ్ శిష్యులు 1997 నుంచి న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో 3,100 మైళ్ల పరుగు నిర్వహిస్తున్నారు. ఒకే ఒక బ్లాకు చుట్టూ 5,649 సార్లు తిరగాలి. గడువు 52 రోజులు. అంటే రోజుకి దాదాపు 96 కిలోమీటర్లు. చూడ్డానికి కొండ లేదు, సముద్రం లేదు. అదే పేవ్‌మెంటు, అదే మలుపు. వాళ్లని నడిపించేది పతకం కాదు. బాస్కెట్‌బాల్‌లో కోచ్‌గా 11 టైటిళ్లు గెలిచిన ఫిల్ జాక్సన్ కూడా తన ఆటగాళ్లతో ధ్యానం చేయించాడు, జార్జ్ మంఫర్డ్ అనే ధ్యాన శిక్షకుణ్ణి పిలిపించి నేర్పించాడు. అక్కడ గెలుపు ఉంది, ఇక్కడ లేదు. ఊపిరి మీద మనసు నిలపడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

మూడోగేమ్ గారి మిత్రుడు రాకెట్ విసరడం మానేశాడు. అది చిన్న విషయమా? సర్వ్ బాగుపడిందా లేదా అన్న తూకంలో దాన్ని వెయ్యకండి.

లేన్‌నాలుగు
నిశ్శబ్దం గారి మాట మనసుకి తగిలింది. అయినా ఒక విషయం చెప్పాలి. ఈత కొడతాను, 50 ఏళ్లు పైబడినవాళ్ల పోటీల్లో పాల్గొంటాను.

నేను హాజరైన సెమినార్‌లో ఊహాచిత్రణ గురించి రోజంతా చెప్పారు. కళ్లు మూసుకుని రేసు మొత్తం చూడండి, శరీరానికి ఊహకీ నిజానికీ తేడా తెలియదు, కొలనులో దిగినంత ఫలితం వస్తుందని. ఉదాహరణ ఎప్పుడూ ఒకటే, అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై. కళ్లద్దాల్లోకి నీళ్లు వచ్చేశాయి, గోడ కనబడలేదు. చేతి బారలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి గోడ ముట్టుకున్నాడు. 1 నిమిషం 52.03 సెకన్లు, ప్రపంచ రికార్డు.

ఇది నిజమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆఖరి పొడుగులో ఎన్ని బారలు పడతాయో అతనికి ఎలా తెలుసు? కొలనులో వేలసార్లు వేస్తే తెలిసింది. ఊహ ఆ లెక్కని చెదరకుండా కాపాడింది, లెక్కని పుట్టించలేదు. 1994లో డ్రిస్కెల్, కాపర్, మోరన్ అనే పరిశోధకులు మనసులో చేసే సాధన మీద జరిగిన అధ్యయనాల్ని కలిపి చూశారు. ఏమీ చేయకపోవడం కంటే అది మేలు, నిజమైన సాధన కంటే తక్కువ అని తేలింది. మందు వేసుకోకుండా డాక్టరు రాసిన చీటీ రోజూ చదువుకుంటే జ్వరం తగ్గదు కదా.

రాత్రి పడుకునే ముందు నేను పది నిమిషాలు రేసు ఊహించుకుంటాను. పొద్దున్నే కొలనుకి వెళ్తాను.

మూడోగేమ్
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నలభైరెండు గారి కాలి సంగతి, నిశ్శబ్దం గారి అమ్మగారి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. 19 దగ్గర సర్వ్ వెయ్యడానికి నిలబడ్డాను. ఆ క్షణంలో ఏం చెయ్యాలి? “ప్రశాంతంగా ఉండు” అని నాకు నేను చెప్పుకుంటే ఇంకా టెన్షన్ పెరుగుతోంది.

పుస్తకాలపురుగు
అది మీ ఒక్కరి సమస్య కాదు. 1992లో మాస్టర్స్ అనే పరిశోధకుడు గోల్ఫ్ పటింగ్ (బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించడం) మీద ఒక ప్రయోగం చేశాడు. కొందరికి సూత్రాలన్నీ చెప్పి నేర్పించాడు. ఇంకొందరు సూత్రాలు తలకెక్కకుండా, నోటితో అక్షరాలు పలుకుతూ నేర్చుకున్నారు. ఒత్తిడి పెట్టేసరికి సూత్రాలు తెలిసినవాళ్ల ఆట దెబ్బతింది. చెయ్యి ఎలా కదలాలో ఆలోచించడం మొదలుపెడితే చెయ్యి ఆగిపోతుంది. 1998లో గాబ్రియేలే వుల్ఫ్ బృందం స్కీయింగ్ నేర్పే యంత్రం మీద ఇంకో సంగతి గమనించింది. పాదాల మీద దృష్టి పెట్టమన్నవాళ్ల కంటే, యంత్రం కింద చక్రాల మీద పెట్టమన్నవాళ్లు బాగా నేర్చుకున్నారు. గాల్వే బంతి కుట్టుని చూడమన్నది పాతికేళ్ల ముందే.

కాబట్టి ప్రశాంతంగా ఉండమని చెప్పుకోకండి. అది కూడా ఒక ఆజ్ఞే. చూడ్డానికి ఒక వస్తువు పెట్టుకోండి.

బీమ్‌మీద
షటిల్ కార్క్ చుట్టూ సన్నటి పట్టీ ఉంటుంది కదా, మీరు వాడేవాటికి ఏ రంగో గానీ. సర్వ్‌కి ముందు ఒక ఊపిరి పూర్తిగా వదలండి. ఆ పట్టీని చూడండి. రాకెట్ తగిలేదాకా దాని మీంచి కన్ను తియ్యకండి.

కానీ ఇది మ్యాచ్‌లో మొదటిసారి చేస్తే పనిచెయ్యదు. గీత మీద, తర్వాత నేల మీది బీమ్, తర్వాత పైది అన్నాను కదా. మీకూ మెట్లు కావాలి. సాధన ఆఖర్లో, కాళ్లు అలిసిపోయాక, స్కోరు 19-19 అని పైకి చెప్పుకుని ముప్ఫై సర్వ్‌లు వెయ్యండి. ఎదురుగా మనిషిని నిలబెట్టండి. వారం తర్వాత ఇంకో ఇద్దర్ని పక్కన నిలబడి చూడమనండి. ఏ మెట్టు మీద చెయ్యి బిగుసుకుందో అక్కడే ఇంకో వారం ఉండండి.

నలభైరెండు
నిశ్శబ్దం గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నాకు జరిగినదాని వల్ల అన్నిటినీ ఒకే గాటన కట్టేశాననిపించింది. మీ శిబిరంలో ఎవరైనా పరిగెత్తలేనంటే ఏమనేవారు?

నిశ్శబ్దం
చెట్టు కింద చాప వేసి ఉండేది. వెళ్లి కూర్చునేవాళ్లు. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. రెండో రోజు నేనూ కూర్చున్నాను.

మూడో శిబిరం సంగతి రాయలేదు. అక్కడ చాప లేదు. సగంలో వచ్చేశాను. మీ కాలికి జరిగింది నాకూ జరిగేదేమో. తేడా ఏమిటో ఫిజియోడైరీ గారు ముందే రాశారు, నాకే ఇప్పుడు తట్టింది.

పుస్తకాలపురుగు
చిన్న హెచ్చరిక, కొత్తగా చదివేవాళ్ల కోసం. ఈ రచయితలు ఒక్కోసారి ఆట వదిలి చాలా దూరం వెళ్లిపోతారు. మిల్‌మనే 1993లో పుట్టినతేదీ అంకెలు కూడి జీవిత లక్ష్యం చెప్పే పుస్తకం రాశాడు. జిమ్నాస్టిక్స్ తెలిసినవాడు కాబట్టి అంకెల సంగతీ తెలిసే ఉంటుందనుకుని కొన్నాను. నాకు నచ్చలేదు. ఒళ్లు వంచి నేర్చుకున్నది చెప్పినప్పుడు అతని మాటకి ఉన్న బరువు, అంకెలు కూడినప్పుడు లేదు. ఎసలెన్ వాళ్లలో జార్జ్ లెనర్డ్‌ని చదవండి. ఐకిడో అనే జపాన్ యుద్ధకళ నేర్పినవాడు. ఎదుగుదల కనబడని రోజులే ఎక్కువ, ఆ చదును నేల మీద నడవడాన్ని ఇష్టపడమంటాడు. అరచేతిలో వైకుంఠం చూపించని పుస్తకం.

మూడోగేమ్
ఆరు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

శిబిరానికి ఫోన్ చేసి ఫిజియోడైరీ గారి ప్రశ్న అడిగాను. మధ్యలో ఆగినవాళ్ల సంగతేంటి అని. “మా దగ్గర ఎవరూ ఆగరండీ” అన్నారు, గర్వంగా. వెళ్లలేదు. మిత్రుడికి కోపం వస్తుందేమో అనుకున్నాను. నలభైరెండు గారి పోస్టు చూపించాను. చాలాసేపు చదివి, తనకీ మూడో రోజు మోకాలు వాచిందనీ, ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు.

ముప్ఫై సర్వ్‌ల సాధన అతనితోనే చేస్తున్నాను. ఎదురుగా తనే నిలబడతాడు. మొదటి వారం ముప్ఫైలో పదకొండు నెట్‌కి. మూడో వారం నలుగురు చూస్తుండగా తొమ్మిది. అక్కడే రెండు వారాలు ఉండిపోయాను. పోయిన శనివారం మ్యాచ్‌లో 19-20, సర్వ్ నాది. ఊపిరి వదిలాను. మా షటిల్ పట్టీ ఆకుపచ్చ. అంచు దగ్గర కొంచెం చిరిగి ఉందని అప్పుడే చూశాను. సర్వ్ నెట్ మీది తెల్లటి పట్టీని రాసుకుంటూ దాటింది. అదే ర్యాలీలో తర్వాత నా డ్రాప్ బయటికి పోయి మ్యాచ్ ఓడిపోయాం, అది వేరే సంగతి. చెయ్యి మాత్రం నాదిగానే ఉంది.

ఇంకోటి. మ్యాచ్‌కి ముందు రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవడం మిత్రుడు శిబిరంలో నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటున్నాం. నాకది బాగుంది.

ఫిజియోడైరీ
చాలా సంతోషం. మిత్రుడి మోకాలు ఎవరికైనా చూపించమనండి, వాపు తగ్గినా సరే.

నలభైరెండు గారూ, మీ కాలు ఎలా ఉంది?

నలభైరెండు
పోయిన వారం డాక్టరు పరిగెత్తమన్నారు. నిమిషం పరుగు, నిమిషం నడక, పదిసార్లు. వాచీ ఇంట్లో పెట్టి వెళ్లాను, నిమిషాలు మా అమ్మాయి సైకిల్ మీద వస్తూ చెప్పింది. నొప్పి లేదు. ఇంటికొచ్చి చూపుడు వేలితో అక్కడే గట్టిగా నొక్కి చూశాను. అక్కడా లేదు.